అక్వేరియంలో చేపలు ఉన్నట్టుండి చనిపోతుంటే: మందు సీసా తెరిచే ముందు చేయాల్సిన పనులు

రాత్రి లైటు ఆర్పేటప్పుడు చలాకీగా తిరిగిన చేప తెల్లారేసరికి ఫిల్టర్ గొట్టానికి అతుక్కుని ఉంటుంది. మధ్యాహ్నానికి ఇంకోటి పక్కకు వాలిపోతుంది. సాయంత్రానికి మిగిలినవన్నీ ఒక మూలకు చేరి, రెక్కలు ఒంటికి ముడుచుకుని కదలకుండా నిలబడిపోతాయి. అలాంటప్పుడు చేతులు ఊరుకోవు. నీలం మందు పది చుక్కలు, పసుపు మందు ఇంకో పది చుక్కలు, పైన గుప్పెడు ఉప్పు. ఏదో ఒకటి పనిచేయకపోతుందా అని అన్నీ పోసేస్తాం. చేపలు పెంచడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే పోశాను. మిగిలిన చేపలు కూడా దక్కలేదు.

ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటే. ఇలా వచ్చే చావుల్లో చాలావాటికి కారణం నీళ్లలోనే దొరుకుతుంది. నిజంగా రోగమే వచ్చిన చోట కూడా ఆ రోగానికి తలుపు తీసింది చాలాసార్లు నీళ్లే. అందుకే పని ఈ వరసలో జరగాలి: ముందు ఊపిరి, తర్వాత నీళ్లు, ఆ తర్వాత చేప ఒళ్లు, అన్నిటికన్నా చివర మందు.

## మొదటి అరగంట

ముందు ఒక శుభ్రమైన గ్లాసులో ట్యాంకు నీళ్లు ముంచి, మూత పెట్టి పక్కన ఉంచండి. కంగారులో అందరూ మరిచిపోయేది ఇదే. నీళ్లు మార్చేశాక, అంతకుముందు అందులో ఏముందో తెలుసుకోవడానికి ఇంకే దారీ మిగలదు.

ఎయిర్ పంపు ఉంటే ఎంత జోరుగా తిరుగుతుందో అంత జోరుగా పెట్టండి. లేకపోతే ఫిల్టర్ మూతిని పైకెత్తి, నీళ్లు పైనుంచి చప్పుడు చేస్తూ పడేలా చూడండి. అదీ కుదరకపోతే మగ్గుతో ట్యాంకు నీళ్లే తీసి అర అడుగు ఎత్తు నుంచి మళ్లీ మళ్లీ పోయండి. కారణం ఏదైనా కావచ్చు, గాలి ఎక్కువైతే చేపకు నష్టం లేదు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమోనియా వల్ల మొప్పలు కాలినా, ఆ అమోనియా నుంచి తయారయ్యే నైట్రైట్ వల్ల రక్తం పాడైనా, పరాన్నజీవులు మొప్పల్లో చేరినా చివరికి చేపకు కరువయ్యేది ఆక్సిజనే.

మేత ఆపేయండి. ఆరోగ్యంగా ఎదిగిన చేపలు మూడు నాలుగు రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటాయి. తినకుండా వదిలేసిన మేత మాత్రం కుళ్లి, ఉన్న విషాన్ని ఇంకా పెంచుతుంది.

తర్వాత థర్మామీటర్ చూడండి. హీటర్ లోపలి స్విచ్ అతుక్కుపోయి ఆగకుండా వేడెక్కించడం చాలామంది అనుకునే దానికంటే ఎక్కువగానే జరుగుతుంది. ఎక్కువ ఉష్ణమండల చేపలకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. గోల్డ్‌ఫిష్‌కు అంతకన్నా చల్లగా ఉండాలి. నీళ్లు మరీ వేడెక్కి ఉంటే హీటర్ ప్లగ్గు తీసి, మూత తెరిచి మెల్లగా చల్లారనివ్వండి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి. ట్యాంకులో చేయి పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ తీయాలన్నది కూడా మరవద్దు. పగిలిన హీటర్ గొట్టం చేపల కంటే ముందు మనిషిని కాటేస్తుంది.

ఇక చనిపోయిన చేపలు. మొక్కల వెనక, రాళ్ల సందుల్లో, ఫిల్టర్ వెనక వెతికి, లెక్క సరిపోయేదాకా తీయండి. కనపడకుండా ఒక మూల కుళ్లుతున్న ఒక్క చేప చిన్న ట్యాంకులో అమోనియాను అమాంతం పెంచగలదు. తీసిన చేపను వెంటనే పారేయకండి. తెల్ల కాగితం మీద పడుకోబెట్టి, అగ్గిపుల్ల కొసతో మొప్ప మూతను మెల్లగా ఎత్తి టార్చి వేయండి. అప్పుడే చనిపోయిన ఆరోగ్యకరమైన చేప మొప్పలు ఎర్రగా, దువ్వెన పళ్లలా విడివిడిగా ఉంటాయి. చాక్లెట్ రంగుకు తిరిగి ఉంటే నైట్రైట్‌ను అనుమానించండి. వాచి, జిగురు పట్టి, అంచులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే అమోనియా గానీ, మొప్పల పురుగులు గానీ కారణం కావచ్చు. ఒక హెచ్చరిక: చనిపోయి కొన్ని గంటలైన చేపకు మొప్పలు ఎలాగూ పాలిపోతాయి. అది చూసి ఏదీ తేల్చుకోకూడదు.

చేతికి గాయం ఉంటే గ్లవ్స్ వేసుకునే ఇదంతా చేయండి. చేపల్లో ఉండే ఒక రకం మైకోబ్యాక్టీరియా మనిషి చర్మం మీద నెలల తరబడి మానని పుండ్లు తెప్పిస్తుంది.

## నీళ్లను పరీక్షించడం

"నీళ్లు అద్దంలా ఉన్నాయి, సమస్య నీళ్లలో ఎలా ఉంటుంది?" అని చాలామంది అడుగుతారు. అమోనియాకు రంగు లేదు, నైట్రైట్‌కూ లేదు. చేపను చంపే మోతాదులో ఉన్నా నీళ్లు తేటగానే కనిపిస్తాయి.

అమోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్, కేహెచ్: ఈ ఐదూ చూడాలి. పీహెచ్ అంటే నీళ్లలోని ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె; కేహెచ్ అంటే ఆ పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ లవణాల మోతాదు. చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్ కొనండి. కాగితపు పట్టీల్లో చాలావాటికి అమోనియా గడి ఉండదు, చావులు జరుగుతున్నప్పుడు ముందు కావలసింది అదే. కిట్ గడువు తేదీ చూడండి, సీసాను బాగా కుదిపి వాడండి. ట్యాంకు నీళ్లతో పాటు మీరు నింపే కుళాయి నీళ్లను కూడా పరీక్షించండి. రెండు అంకెలూ పక్కపక్కన పెడితేనే అసలు విషయం తెలుస్తుంది.

నిలదొక్కుకున్న ట్యాంకులో అమోనియా 0, నైట్రైట్ 0 ఉండాలి. ఇక్కడ "కొంచెమే ఉంది, పర్లేదు" అన్న మాట చెల్లదు. నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) లోపు ఉంటే మంచిది, 40 దాటకుండా చూసుకోండి.

అమోనియా విషయంలో కిట్ చూపే అంకె ఒక్కటే చాలదు. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది: మొప్పలను కాల్చే అమోనియా ఒకటి, పెద్దగా హాని చేయని అమోనియం ఇంకొకటి. కిట్ రెండింటినీ కలిపి చూపిస్తుంది. ఏ రూపం ఎంత అన్నది పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తంలో విషపు వాటా ఒక శాతం కూడా ఉండదు. అదే పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. అంటే పీహెచ్ ఒక అంకె పెరిగితే విషం దాదాపు 10 రెట్లు. కిట్‌లో ఒకే రంగు వచ్చిన రెండు ట్యాంకుల్లో ఒక దాంట్లో చేపలు తిరుగుతూ, ఇంకో దాంట్లో చస్తూ ఉండటానికి కారణం ఇదే. దీన్ని గుర్తుపెట్టుకోండి, పాత ట్యాంకుల దగ్గర మళ్లీ పని పడుతుంది.

## ఎలా చనిపోయాయి, ఎప్పుడు చనిపోయాయి

కిట్ చేతికి రావడానికి ఒక రోజు పడుతుందనుకోండి. ఈలోగా చావు తీరును చూసే చాలా చెప్పొచ్చు.

అన్ని రకాల చేపలూ కొన్ని గంటల్లోనే పోయాయంటే అది అంటురోగం కాదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. విషం, క్లోరిన్, ఆక్సిజన్ లేకపోవడం, వేడి: ఈ నాలుగింటిలో వెతకండి. నీళ్లు మార్చిన గంటలోపే చేపలు పిచ్చెత్తినట్టు గోడలకు కొట్టుకుని, ఒంటి మీద తెల్లటి జిగురు పొర వచ్చి, నోళ్లు తెరిచి చనిపోతే క్లోరిన్ గానీ, పీహెచ్‌లో పెద్ద తేడా గానీ అయి ఉంటుంది.

తెల్లవారుజామున, పెద్ద చేపలే ముందు చనిపోయి, చిన్నవి పైకి వచ్చి నోరు తెరుస్తూ బతికి ఉంటే అది ఆక్సిజన్ కరువు. మొక్కలు, నాచు పగలు ఆక్సిజన్ ఇచ్చినా రాత్రంతా తీసుకుంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు నీళ్లలో అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టిన మొక్కల ట్యాంకుల్లో రాత్రి వాల్వు మూయడం మరిచినా ఇదే దృశ్యం.

రొయ్యలు, నత్తలు ముందు పోయి చేపలు తర్వాత పోతుంటే రాగి మీద గానీ, పురుగుల మందు మీద గానీ అనుమానం పెట్టండి. ఒకే రకం చేపలు మాత్రమే, అదీ ఈ మధ్యే తెచ్చినవి మాత్రమే పోతుంటే కొత్త నీళ్లకు అలవాటు చేయడంలో పొరపాటో, వెంట తెచ్చుకున్న జబ్బో ఉంటుంది. రోజుకు ఒకటి చొప్పున, రెండు వారాల పాటు, ట్యాంకు పెట్టి నెల కూడా కాకముందే పోతుంటే ఇక చెప్పక్కర్లేదు, అమోనియా.

పది రోజులకో చేప చిక్కి, వెన్ను వంగి పోవడం వేరే కథ. అది హఠాత్తు చావు కాదు, దానికి ఈ తొందర వైద్యం పనికిరాదు.

## కొత్త ట్యాంకులో చావులు

చేపల మలం నుంచి, మొప్పల నుంచి అమోనియా వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా ఉండేది నీళ్లలో కాదు. స్పాంజిలో, గులకరాళ్ల మీద, రాళ్ల ఉపరితలం మీద అంటుకుని ఉంటుంది. కావలసినంత పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. నీళ్లు పోసి, ఫిల్టర్ తిప్పి, ఒక రోజు ఆగి చేపలు వదిలితే జరిగేది అర్థమైందిగా. మొదటి వారం బాగుంటుంది. రెండో వారంలో అమోనియా పెరుగుతుంది. అది దిగుతోందని సంతోషించేలోపు నైట్రైట్ ఎక్కుతుంది.

ఇలాంటి ట్యాంకులో చేయాల్సింది రోజూ పరీక్ష, రోజూ నీళ్ల మార్పు. అమోనియా గానీ నైట్రైట్ గానీ 0.25 దాటితే 30 నుంచి 50 శాతం నీళ్లు మార్చండి. సగం నీళ్లు మారిస్తే విషం సగమే తగ్గుతుంది, మాయమైపోదు. అంకె 4 ఉంటే ఒక్కసారి మార్చి చేతులు దులుపుకోవడం కుదరదు. పూటకోసారి మార్చాల్సి రావచ్చు. నీళ్లు మారిస్తే బ్యాక్టీరియా పెరగదని ఒక భయం ఉంది, దాన్ని వదిలేయండి. బ్యాక్టీరియా ఉండేది స్పాంజిలో అని చెప్పుకున్నాం కదా.

నైట్రైట్ ఉన్నప్పుడు ఉప్పు నిజంగా పనిచేస్తుంది. నైట్రైట్ మొప్పల ద్వారా రక్తంలోకి చేరి, ఆక్సిజన్ మోయాల్సిన హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. అందుకే మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేప ఎగశ్వాస తీస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌తో పోటీపడి దాన్ని లోపలికి రానివ్వదు. ఏ వాసనలూ కలవని కల్లుప్పు, లీటరుకు 1 గ్రాము, విడిగా కరిగించి గంటల మీద కొంచెం కొంచెంగా పోస్తే చాలు. అమోనియా మీద మాత్రం ఉప్పుకు ఈ శక్తి లేదు.

ఎవరైనా స్నేహితుడికి ఏళ్లుగా ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉంటే, వాళ్ల ఫిల్టర్‌లోని మురికి స్పాంజి ముక్క ఒకటి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. తెచ్చేటప్పుడు తడి ఆరకూడదు. సీసాల్లో అమ్మే వాటన్నిటి కంటే నాకు దాని మీదే నమ్మకం.

## పాత ట్యాంకులో చావులు

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మంచి మనసుతో చేసిన పనే చేపలను చంపే సందర్భం ఇది.

మూడేళ్లుగా నడుస్తున్న నా టెట్రాల ట్యాంకు ఒకటి ఉండేది. చేపలు ఆరోగ్యంగానే ఉన్నాయి కదా అని నేను ఆవిరైన మేరకు నీళ్లు నింపడం తప్ప మార్చడం మానేశాను. ఒక సెలవు రోజు ఓపిక చేసుకుని, ముప్పావు వంతు నీళ్లు తోడేసి, గులకరాళ్లు కడిగి, తాజా నీళ్లు నింపాను. క్లోరిన్ పోయే మందు కూడా సరిగ్గానే వేశాను. ట్యాంకు మెరిసిపోయింది. రెండు గంటలకు టెట్రాల ఎర్ర గీత వెలిసిపోయింది. సాయంత్రానికి అవి తలకిందులుగా తేలుతూ, మధ్యలో ఒక్కసారి విదిలించుకుని మళ్లీ ఆగిపోతూ కనిపించాయి. రాత్రికి సగానికి పైగా పోయాయి. నీళ్లు బాగు చేసిన రోజే ఎందుకు చచ్చాయో అప్పుడు నాకు తెలియదు.

జరిగింది ఇది. బ్యాక్టీరియా అమోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లాన్ని నీళ్లలోని కేహెచ్ మింగేస్తూ ఉంటుంది. నీళ్లు మార్చకపోతే కేహెచ్ అయిపోతుంది, పీహెచ్ 6 కిందికి జారుతుంది. ఆ స్థితిలో బ్యాక్టీరియా పని మందగిస్తుంది, అమోనియా పోగవుతుంది. కానీ పీహెచ్ తక్కువ కాబట్టి అదంతా హాని చేయని అమోనియం రూపంలోనే ఉంటుంది, చేపలు బతికేస్తాయి. మనం పీహెచ్ 7.8 ఉన్న తాజా నీళ్లు ఒక్కసారిగా నింపగానే మిగిలి ఉన్న అమోనియం గంటల్లో విషపు రూపంలోకి మారిపోతుంది. దానికి తోడు నీళ్లలో కరిగి ఉన్న లవణాల మోతాదు ఒక్కసారిగా మారి చేప ఒంట్లో నీటి సమతూకం దెబ్బతింటుంది.

కాబట్టి మీ ట్యాంకు పాతదై, నీళ్ల మార్పు సరిగ్గా జరగనిదై ఉంటే మొదటి రోజే 50 శాతం మార్చకండి. ముందు పీహెచ్, కేహెచ్ చూడండి. ట్యాంకుకూ కుళాయికీ పీహెచ్‌లో తేడా ఒకటి కన్నా ఎక్కువ ఉంటే రోజుకు 10 శాతం చొప్పున, వారం పది రోజుల పాటు మార్చండి. పోసేటప్పుడు బకెట్టుతో గుమ్మరించకుండా సన్నటి గొట్టంతో దింపండి. అమోనియా బాగా ఎక్కువగా ఉంటే దాన్ని తాత్కాలికంగా కట్టేసే నీటి మందు ముందు వేసి, ఆ తర్వాత మార్పు మొదలుపెట్టండి. ఇన్నాళ్లూ ఆ నీళ్లలోనే పెరిగిన చేప ఇంకో వారం ఓర్చుకుంటుంది. ఒక్కసారి వచ్చే మార్పునే ఓర్చుకోలేదు. కొత్తగా కొన్న చేపను అలాంటి ట్యాంకులో వదిలితే అది మర్నాటికి పోవడం, పాతవి మాత్రం నిక్షేపంగా ఉండటం కూడా ఇందువల్లే.

## ఫిల్టర్, కరెంటు, కుళాయి

ఈ మధ్య ఫిల్టర్ కడిగారా? ఎక్కడ కడిగారు? కుళాయి కింద పెట్టి స్పాంజిని తెల్లగా అయ్యేదాకా పిండితే అందులోని బ్యాక్టీరియా క్లోరిన్‌కు చచ్చిపోతుంది. మర్నాటి నుంచి ట్యాంకు కొత్త ట్యాంకుతో సమానం. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే, బకెట్టులో రెండు మూడు సార్లు పిండి పెట్టేయాలి. గోధుమ రంగు మిగిలి ఉండటమే మంచిది.

కరెంటు చాలా గంటలు పోతే మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ లోపల ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చచ్చి కుళ్లుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లు నేరుగా ట్యాంకులోకి పడతాయి. కాబట్టి ఎక్కువసేపు ఆగిన ఫిల్టర్‌ను తెరిచి వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ నీళ్లు పారబోసి, లోపలి మీడియాను, అంటే బ్యాక్టీరియా ఉండే స్పాంజి లాంటివాటిని, ట్యాంకు నీళ్లతో జాడించాకే ఆన్ చేయండి.

కుళాయి నీళ్ల సంగతికి వస్తే, మామూలు క్లోరిన్ ఒక రోజు గాలాడేలా ఉంచితే ఎగిరిపోతుంది. కొన్నిచోట్ల క్లోరిన్ బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసిన రసాయనం) కలుపుతారు, అది అలా పోదు. సోడియం థయోసల్ఫేట్ మందు దాన్ని విడగొట్టగలదు గానీ అమోనియా మిగిలిపోతుంది. అందుకే నీటి మందు సీసా మీద క్లోరమైన్, అమోనియా రెండింటికీ పనిచేస్తుందని రాసి ఉందో లేదో చదవండి. నీటి సరఫరా సంస్థ క్లోరిన్ మోతాదు పెంచిన రోజుల్లో మీరు ఎప్పుడూ వేసే మోతాదు చాలకపోవచ్చు. కుళాయి నీళ్లు ఘాటుగా వాసన కొడితే ఆ రోజు మార్పు వాయిదా వేయండి.

## బయటి నుంచి చేరే విషాలు

గత రెండు రోజుల్లో ఆ గదిలో ఏం జరిగిందో ఇంట్లో అందరినీ అడగండి, తప్పు పట్టే గొంతుతో అడగొద్దు. దోమలు, బొద్దింకల స్ప్రేల్లో వాడే పైరెత్రాయిడ్లు మనుషులకు పెద్దగా ఏమీ చేయని మోతాదులో కూడా చేపలను, రొయ్యలను చంపుతాయి. ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నేరుగా నీళ్లలోకి పంపుతుంది కాబట్టి ట్యాంకు మూత మూసినా లాభం లేదు. పెయింటు వాసన, నేల తుడిచే రసాయనం, సబ్బుతో కడిగిన బకెట్టు, చేతికి రాసుకున్న శానిటైజర్, అలంకారానికి వేసిన లోహపు బొమ్మ, ఏదైనా కావచ్చు. పిల్లలు మేత డబ్బా మొత్తం వంపేసి భయంతో చెప్పకపోవడం కూడా ఉంటుంది.

విషమని అనుమానం వస్తే ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (రసాయనాలను పీల్చే బొగ్గు) వేసి, నీళ్లు పెద్ద మొత్తంలో మార్చండి. పాత ట్యాంకు హెచ్చరిక ఇక్కడా గుర్తుంచుకోండి. పీహెచ్ దగ్గరగా ఉంటేనే పెద్ద మార్పు.

## నీళ్లు బాగున్నాయి, ఇప్పుడు చేప ఒళ్లు చూడండి

గదిలో లైట్లు ఆపి, టార్చిని ఏటవాలుగా పట్టి చేప పక్క భాగం చూడండి.

ఉప్పు రవ్వలు చల్లినట్టు విడివిడిగా తెల్ల చుక్కలు ఉంటే వైట్ స్పాట్. ఇక్ అని కూడా అంటారు. చుక్క లోపల ఉన్న పరాన్నజీవి చర్మం కింద ఉంటుంది కాబట్టి మందు దాన్ని తాకదు. అది బలిసి, రాలి, అడుగున గూడు కట్టుకుని, వందల పిల్లలుగా విడిపోయి ఈదుతూ ఇంకో చేపను వెతుక్కుంటుంది. మందు చంపేది ఈదే దశలో ఉన్నవాటినే. చుక్కలు మాయం కాగానే మందు ఆపేసి, వారానికి రెండింతలు చుక్కలు చూసి "మందు నకిలీది" అనుకునేవాళ్లు ఎందరో. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రానికి దాదాపు వారం పడుతుంది, వెచ్చబడేకొద్దీ త్వరగా తిరుగుతుంది. అందుకే వేడి తట్టుకునే చేపలైతే కొన్ని గంటలకు ఒక డిగ్రీ చొప్పున 30 దాకా పెంచి, గాలి జోరు పెంచి, చివరి చుక్క పోయాక కూడా ఇంకో వారం చికిత్స సాగించాలి. గోల్డ్‌ఫిష్ లాంటి చల్లటి నీటి చేపలకు ఈ వేడి పద్ధతి వద్దు.

చుక్కల బదులు బంగారు పొడి అద్దినట్టు సన్నటి పొర టార్చి వెలుగులో మెరిస్తే వెల్వెట్. అది వైట్ స్పాట్ కంటే త్వరగా చంపుతుంది. దాన్ని తెచ్చే జీవి వెలుతురుతో కూడా ఆహారం తయారుచేసుకోగలదు కాబట్టి చికిత్స రోజుల్లో లైట్లు ఆపి ట్యాంకు చుట్టూ బట్ట కప్పాలి.

దూది అంటినట్టు తెల్లగా ఉంటే ఆగి చూడండి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. గాయం మీద పొడవు పోగులతో మెత్తగా లేచి ఉంటే అది బూజు, మెల్లగా పెరుగుతుంది. నోటి చుట్టూ గానీ, వీపు మీద జీను వేసినట్టు గానీ బూడిద తెలుపు మచ్చ పొట్టిగా, అంచులు పసుపుగా ఉండి, గంటగంటకూ పాకుతుంటే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. ఒకటి రెండు రోజుల్లో ట్యాంకు ఖాళీ చేయగలదు. వైట్ స్పాట్ అనుకుని వేడి పెంచితే ఇది ఇంకా చెలరేగుతుంది. దీనికి ఉష్ణోగ్రతను ఆ చేప తట్టుకునే కింది హద్దుకు మెల్లగా దింపి, బ్యాక్టీరియా మీద పనిచేసే మందు వెంటనే మొదలుపెట్టాలి. చేపలను చూసే పశువైద్యుడు అందుబాటులో ఉంటే యాంటీబయాటిక్ విషయంలో ఆయన మాటే వినండి.

పొట్ట ఉబ్బి, పైనుంచి చూస్తే పొలుసులు దేవదారు కాయలా లేచి ఉంటే లోపలి అవయవాలు పాడయ్యాయని అర్థం. ఇది రోగం పేరు కాదు, లక్షణం. ఈ దశలో బతికేవి తక్కువ. ఆ చేపను వేరుచేసి, మిగతా చేపల నీళ్ల మీద శ్రద్ధ పెట్టడమే తెలివైన పని. మలద్వారం నుంచి ఎర్రటి దారపు కొసలు బయటికి వస్తే కమలానస్ పురుగులు, వాటికి లెవామిసోల్ పనిచేస్తుంది. ఒంటి మీద ఏమీ లేకుండా ఒక పక్క మొప్ప మాత్రమే ఆడిస్తూ, రాళ్లకు రుద్దుకుంటూ ఉంటే మొప్పల పురుగులు ఉండవచ్చు, ప్రాజిక్వాంటెల్ ఆలోచించండి.

## మందు వేయక తప్పనప్పుడు

ముందు నీళ్ల లెక్క కట్టండి. ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు. 60, 30, 36 కొలతల ట్యాంకు కాగితం మీద 65 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నిజంగా ఉండేది 50 నుంచి 55. డబ్బా మీద రాసిన 65 లీటర్లకు మందు వేస్తే మోతాదు అప్పుడే హెచ్చింది.

ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది. ఫిల్టర్‌ను మాత్రం ఆపకండి. ఒకసారికి ఒకే మందు. రాగి కలిసిన మందు రొయ్యలను, నత్తలను చంపుతుంది. మలకైట్ గ్రీన్‌కు పొలుసులు లేని చేపలు, చిన్న టెట్రాలు తట్టుకోలేవు, సీసా మీద సగం మోతాదు అని ఉంటే దాన్ని గౌరవించండి. మిథిలీన్ బ్లూ ఫిల్టర్ బ్యాక్టీరియాకు ప్రమాదం, దాన్ని వేరే తొట్టిలోనే వాడాలి. ఏ మందు వేసినా రోజూ అమోనియా చూస్తూ ఉండండి. మందు వల్ల బ్యాక్టీరియా దెబ్బతిని, రోగం తగ్గిన చేప అమోనియాకు పోయిన సందర్భాలు నేను చూశాను.

కోలుకోని చేప పక్కకు పడిపోయి రోజుల తరబడి అవస్థ పడుతుంటే చూస్తూ ఊరుకోవద్దు. విడి గిన్నెలో ట్యాంకు నీళ్లు తీసుకుని, లవంగ నూనెను వేరే సీసాలో నీళ్లతో బాగా గిలకొట్టి, ముందు కొంచెం వేసి మత్తు రానిచ్చి, తర్వాత ఎక్కువ మోతాదు వేస్తే నొప్పి లేకుండా పోతుంది. మొప్పలు ఆగాక కూడా చాలాసేపు అందులోనే ఉంచండి. బతికున్న చేపను టాయిలెట్‌లో వదలడం, ఫ్రీజర్‌లో పెట్టడం దయ అనిపించుకోదు.

## చావులు ఆగాక

ఆఖరి చావు తర్వాత రెండు వారాలు రోజు విడిచి రోజు అమోనియా, నైట్రైట్ రాసి పెట్టండి. మేత మామూలులో సగం నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచండి. వారానికి 20 నుంచి 25 శాతం నీళ్ల మార్పును అలవాటు చేసుకోండి. పోసే నీళ్లు ట్యాంకు నీళ్లంత వేడిగానే ఉండాలి, క్లోరిన్ ఉండకూడదు.

ఖాళీ అయిన ట్యాంకును చూస్తే వెంటనే నింపాలనిపిస్తుంది. కనీసం నెల ఆగండి. కొత్త చేపలను తెచ్చాక వేరే చిన్న తొట్టిలో, స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, 4 వారాలు ఉంచి చూడండి. ఆ తొట్టికి వలా, గొట్టమూ, బకెట్టూ వేరేగా ఉండాలి, తడి వల ఒక్కటి చాలు జబ్బు ఇటు నుంచి అటు దాటడానికి. ఆ తొట్టి స్పాంజిని ఇప్పటి నుంచే పెద్ద ట్యాంకు నీళ్లలో, ఫిల్టర్ పక్కన పడేసి ఉంచండి. చేపలు వచ్చే రోజుకు అందులో బ్యాక్టీరియా సిద్ధంగా ఉంటుంది.